కల్లం దగ్గర చెప్పిన పన్నెండు పాఠాలు

ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో వేల మందికి లెక్కలు చెప్పాను గానీ, టీచర్ని మాత్రం ఒక్కర్తినే తయారుచేశాను. గుంటూరు ట్రైనింగ్ కాలేజీలో ఆ అమ్మాయి ఆఖరి ప్రెజెంటేషన్ ఇచ్చిన రోజున హాల్లో ఉన్న రెండు వందల మందీ లేచి నిలబడి నాకు చప్పట్లు కొట్టారు. ఎగ్జామినరుగా వచ్చిన పెద్దమనిషికి నోట మాట రాక, తన జేబులోని పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. ఆ పెన్ను ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. నమ్మకం లేనివాళ్ళు దర్శి వచ్చి మా ఇంట్లో చూసుకోవచ్చు.

పెన్నంటూ ఒకటి ఉన్న మాట నిజం. తక్కినవాటి సంగతి వరసగా చెప్తాను. డెబ్బై దాటాక అబద్ధాలు గుర్తుపెట్టుకోవడం కష్టంగా ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. గుంటూరుకి గంట ప్రయాణం దూరంలో, చుట్టూ మిరప చేలూ పత్తి చేలూ ఉన్న ఊళ్ళో హైస్కూలు. నేను అక్కడ లెక్కల మాస్టర్ని. బోర్డు మీద చేత్తో సున్నా గీస్తే కంపాసుతో గీసినట్టు ఉండేది. ఇది కోత కాదు, చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. నాకు ఇంకో అలవాటు కూడా ఉండేది. బడిలో ఎవరికి మంచి పేరొచ్చినా అందులో నా చెయ్యి ఉందని చెప్పుకునేవాణ్ణి. మా బడి కుర్రాడొకడు పరుగు పందెంలో గెలిచొస్తే, ఊపిరి ఎలా పీల్చాలో నేనే నేర్పానని స్టాఫ్ రూములో చెప్పాను. నేను జన్మలో బస్సు కోసం తప్ప పరిగెత్తింది లేదు.

ఆ ఏడు మాఘమాసంలో ట్రైనింగ్ కాలేజీ నుంచి టీచింగ్ ప్రాక్టీసుకని ఆరుగురు వచ్చారు. లెక్కల అమ్మాయిని నాకు అప్పగించారు. నల్లపాడులో పరుపులు కుట్టే ఆయన కూతురు. ముస్లింల పిల్ల. ఆమె భుజం సంచీ పట్టీకి ఎప్పుడూ ఒక దూదిపీచు అంటుకుని ఉండేది. నలభై పాఠాలు చెప్పాలి, ఒక్కో పాఠానికి రికార్డులో పథకం రాయాలి, దాని కింద గైడ్ టీచరు సంతకం ఉండాలి. ఆ గైడ్ టీచర్ని నేను. ఒక్క సంతకం తక్కువైనా ప్రాక్టీసు తప్పినట్టే, మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. వాళ్ళ నాన్న ఈ ఒక్క ఏడాదే చదివిస్తానన్నాడట, రెండోది లేదన్నాడట. మొదటి రోజు బస్సు ఎందుకంత తొందరగా పట్టుకొచ్చావని అడిగితే, బస్సు టైం చెప్పినట్టు ఈ సంగతి చెప్పింది. నాకు జాలి వేసింది. జాలి ఎంతసేపున్నా ఫరవాలేదు, ఒంటికి హాని చెయ్యదు.

ఆమెకి ఎనిమిదో తరగతి బి సెక్షను ఇచ్చాను. అది కాస్త దొంగ పని. మిరప కోతల్లో ఆ సెక్షను సగానికి సగం ఖాళీ. పిల్లలు తల్లుల వెంట చేలకీ కల్లాలకీ పోతారు. యాభై రెండు మందికి ఇరవై మంది వస్తే గొప్ప. నేను పాతికేళ్ళు ఆ ఖాళీ బెంచీలకి చెప్పినవాణ్ణి, ఆమె కూడా కాస్త రుచి చూస్తే తప్పేముంది అనుకున్నాను.

మొదటివారం నాకు హాయిగానే గడిచింది. ఆమెకి సున్నా గీయడం రాదు. గీస్తే తొక్క తీసిన బంగాళాదుంపలా వచ్చేది. రెండు రోజులు ఆ సంగతి తలుచుకుని అన్నం బాగా తిన్నాను. మూడో రోజు ఒక ఆడపిల్లని ఆపి, కొత్త టీచరు ఎలా చెప్తుందే అని అడిగాను. సున్నా వంకరగా ఉంటది గానీ లెక్క తిన్నగా అర్థమైంది సార్ అంది. ఆ పూట అన్నం సరిగ్గా సహించలేదు.

అక్కణ్ణించి మొదలైంది. బస్సు దిగగానే ఆమె సంచీ మోయడానికి నలుగురు పోటీపడేవారు. నా సంచీ పాతికేళ్ళుగా నేనే మోసుకుంటున్నాను. ఏటా పిల్లలు నా బల్ల మీద పెట్టే రేగుపళ్ళు ఆ ఏడు ఆమె కుర్చీలోకి చేరాయి. ఒకరోజు ఎవరూ చూడకుండా రెండు తీసుకుని తిన్నాను. పుల్లగా ఉన్నాయి. పుల్లగా ఉన్నవే ఆమెకిచ్చారని కాస్త ఊరట.

అయితే అసలు మంట వేరే. మా బడి వెనక కంచె దాటితే మిరప కల్లం. పట్టలు పరిచి ఎర్రగా కాయలు ఆరబోస్తారు. ఆడవాళ్ళు బారుగా కూర్చుని తాలు కాయలు, అంటే రంగు పోయి తెల్లబడినవి, ఏరి పక్కన పోస్తారు. మా ఎనిమిదో తరగతి సగం ఆ పట్టల మీదే ఉండేది. ఆమె నన్ను అడగలేదు, హెడ్మాస్టర్ని అడగలేదు. ఒక పొద్దున ఉన్న ఇరవై మందినీ లేపి, కంచె పక్క దారిన కల్లంలోకి నడిపించి, ఏరే పిల్లల పక్కనే కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. హాజరు పట్టీలో ఆ రోజు నలభై తొమ్మిది మంది. మర్నాడు యాభై. ఆ పిల్లల్ని బడికి రప్పించడానికి నేను ఇల్లిల్లూ తిరిగాను. ఇల్లిల్లూ అంటే రెండిళ్ళు. రెండో ఇంట్లో కుక్క ఉంది.

నాలుగో రోజు చూడకుండా ఉండలేకపోయాను. తనిఖీకి వెళ్ళానని తర్వాత అందరికీ చెప్పాను. తనిఖీకి వెళ్ళినవాడు నింపిన గోతాల వెనక నక్కి కూర్చోడు. నేను నక్కే కూర్చున్నాను.

శాతాలు చెప్తోంది. నేను శాతాలు చెప్పాలంటే ఒక వ్యాపారి ఒక వస్తువు కొంటాడు, అమ్ముతాడు. ఆ వ్యాపారి ఎవడో, ఆ వస్తువేదో పాతికేళ్ళలో ఒక్క పిల్లవాడూ అడగలేదు. ఈమె ఒక గోతం ముందు పెట్టి, కొనేవాడు వస్తే ఏం చేస్తాడని అడిగింది. ఒకడు చెయ్యి ముంచి గుప్పెడు తీసి చూపించాడు. అలాగే పైనుంచి తీసి వంద కాయలు లెక్కపెట్టమంది. నాలుగు తాలు వచ్చాయి. అయితే ఈ గోతంలో నూటికి నాలుగేనా అంది. పిల్లలు అవునన్నారు. జడకి రబ్బరు బ్యాండు వేసుకున్న ఒక పిల్ల మాత్రం తల అడ్డంగా ఊపింది.

"పైన చెయ్యి పెడితే ఏం తెలుస్తుంది టీచర్? మా నాన్న పైన ఎర్రవే పోస్తాడు. అడుగున చెయ్యి పెట్టాలి."

పక్కన ఏరుతున్న వాళ్ళమ్మ చేటతో ఒక్కటేసింది. "నోరు ముయ్యవే. నీ చదువు పాడుగాను, ఊరంతా వినపడుద్ది."

ఆడవాళ్ళందరూ నవ్వారు. టీచరమ్మాయి నవ్వలేదు, ఆ పిల్లనే లేపి, అయితే ఎక్కడెక్కణ్ణించి తీయాలో నువ్వే చెప్పు అంది. పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి కలపాలని ఆ పిల్ల చెప్పింది. అలా తీసి లెక్కపెడితే నూటికి పదమూడు. కల్లంలో పెద్ద గొడవ. ఎన్నిసార్లు తీస్తే సరిపోతుందని పిల్లలు కొట్టుకుంటున్నారు. లెక్కల గురించి నా తరగతిలో ఎవడూ ఎవడితోనూ కొట్టుకోలేదు. నాకు ముందు గుండెల్లో పొడిచినట్టయింది. తర్వాత ముక్కులో.

ఎవరో ఆ చివర కాయలు తిరగేశారు, గాలి ఇటు మళ్ళింది. ఘాటు నేరుగా గోతాల వెనక్కి వచ్చింది. ఏడు తుమ్ములు తుమ్మాను. సరే, ఐదు. దాంతోపాటు దగ్గు. యాభై తలకాయలు ఒక్కసారి ఇటు తిరిగాయి.

"సార్ కూడా పాఠానికి వచ్చారు టీచర్" అన్నాడొకడు.

ఆమె పిల్లల్ని కాస్త జరగమని, పట్ట మీద నాకు చోటు చూపించి, మంచినీళ్ళు తెప్పించింది. నన్ను చూసి ఎగతాళిగా నవ్వి ఉంటే క్షమించేవాణ్ణేమో. చోటు చూపించడం మాత్రం క్షమించలేకపోయాను.

ఆమె అలా పన్నెండు పాఠాలు చెప్పింది. ఆ పన్నెండింటి కింద నేను సంతకం పెట్టలేదు. ఒకసారి అడిగితే, ఎప్పుడూ మొరాయించే నా పెన్ను విదిలించి చూపించి, చూద్దాంలే అమ్మాయ్ అన్నాను. రెండోసారి అడిగితే, తరగతి గది బయట చెప్పింది పాఠం ఎట్లా అవుద్దమ్మా, రూలు ఒప్పుకోదు అన్నాను. ఆ రూలు ఎక్కడుందో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఆమె సరే సార్ అంది. మూడోసారి అడగలేదు. రికార్డు నా దగ్గరే ఉండిపోయింది.

ఆ ఏడు కాలేజీవాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. ప్రాక్టీసు అయ్యాక ఒక్కొక్కరూ లెక్చరర్ల ముందూ గైడ్ టీచర్ల ముందూ నిలబడి, ఏం చెప్పారో, ఏం నేర్చుకున్నారో పావుగంటలో చెప్పాలి. మమ్మల్ని రికార్డులు పట్టుకుని రమ్మన్నారు. నా ఆలోచన తేలికైనది. ఆమె మాట్లాడటం అయ్యాక లేచి, రికార్డు తెరిచి, ఈ పన్నెండు పాఠాలూ బడి బయట, అనుమతి లేకుండా చెప్పినవండీ, నేను సంతకం పెట్టలేకపోయాను అని విచారంగా అనాలి. విచారంగా అనడం కూడా అద్దం ముందు చూసుకున్నాను. చొక్కా ఇస్త్రీ చేస్తూ మా ఆవిడ ఇది గమనించింది. సంగతేమిటని అడిగి, నేను చెప్పిందంతా విని, చొక్కా చేతికిస్తూ ఒక్క మాటే అంది.

"ఆ పిల్ల పొట్ట కొట్టి రాకండి."

రూలు గురించి నీకేం తెలుసు అని బస్సెక్కాను.

ఇక హాలు. రెండు వందలన్నాను గదా, అరవై మంది ఉంటారు, టీలు తెచ్చినవాడితో కలిపి. ముందు వరసలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీల్లో మేము, గైడ్ టీచర్లం. పక్కగా ఎగ్జామినరు. ముందు చెప్పినవాళ్ళు చార్టులు పట్టుకుని, పిల్లల మనస్తత్వం, బోధనా లక్ష్యాలు అని అప్పజెప్పారు. ఎగ్జామినరు ఒకటి రెండుసార్లు కళ్ళు మూసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదే వరస సాగితే ఈమెని ఎవరూ వినరు.

ఆమె చార్టు తేలేదు. గోతం తెచ్చింది. నేల మీద పట్ట పరిచి, గోతం మూతి విప్పి, ఎగ్జామినర్ని వచ్చి గుప్పెడు తీయమంది. ఆయన కుతూహలంగా లేచి తీశాడు. అన్నీ ఎర్రవే. ఇందులో నూటికి ఎన్ని తాలండీ అని అడిగింది. ఒక్కటీ లేదమ్మా అన్నాడాయన. అప్పుడామె తమ కల్లంలో ఒక ఎనిమిదో తరగతి పిల్ల చెప్పిన మాట చెప్పి, అడుగున చెయ్యి పెట్టమంది. ఆయన మోచేతి దాకా దించాడు. గుప్పెట్లో సగం తెల్లవి. హాలంతా పకపకా నవ్వింది. మా కుర్చీల్లోని మాస్టర్లు కిందకి దిగి కాయలు లెక్కపెట్టారు. నేను దిగలేదు.

తాను తరగతిని పిల్లల దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళిందో, మొదటి రోజు ఎంత భయపడిందో, ఏ పాఠం చెడిందో కూడా చెప్పింది. చెడినవి రెండట. నేను పాతికేళ్ళలో చెడిన పాఠం గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్పడం అయ్యేసరికి చప్పట్లు. ఆ చప్పట్లు ఆమెకి. జనం లేచి నిలబడిన మాటా నిజమే. అయితే మిరప ఘాటు హాలంతా పరుచుకోవడంతో అందరూ దగ్గుకుంటూ కిటికీల వైపు వెళ్ళడానికి లేచారు. మొదట్లో ఈ రెండింటినీ నేనే ఒకటి చేశాను.

అప్పుడు వెనక నుంచి ఎవరో ట్రైనీ అమ్మాయి చెయ్యెత్తి, ఈ ఆలోచన ఎవరిది, అనుమతి ఎవరిచ్చారని అడిగింది. ఎగ్జామినరు కూడా అవునమ్మా, ఎవరిచ్చారు అన్నాడు. ఆమె తల దించుకుంది. అనుమతి లేదంటే ఆ పన్నెండు పాఠాలూ పోతాయి, ఆమె ఏడాది పోతుంది. నేను అనుకున్న ఘడియ అదే. రికార్డు ఒళ్ళో ఉంది. విచారం మొహంలోకి తెచ్చుకోవాలి, అంతే.

కానీ చప్పట్ల చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. అవి నావి కాకపోవడం భరించలేకపోయాను.

"నాది" అన్నాను. "నేనే పంపించానండి."

తర్వాత ఐదు నిమిషాలు మాట్లాడాను. ఏమేమి మాట్లాడానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఎన్నో ఏళ్ళుగా ఈ పద్ధతి నా మనసులో ఉందనీ, తగిన శిష్యురాలి కోసం చూస్తున్నాననీ, అందుకే ఆమెకి ఎనిమిదో తరగతి బి సెక్షను ఏరి ఇచ్చాననీ చెప్పాను. ఎగ్జామినరు సంతోషించి, ఆ పాఠ్యపథకాలు చూద్దాం, రికార్డు ఇటివ్వండి అన్నాడు.

రికార్డులో పన్నెండు పేజీల కింద ఖాళీ. నేనే పంపించినవాణ్ణయితే సంతకాలేవి? ఒక్క నిమిషమండీ, పేజీలు వరసలో పెట్టి ఇస్తానని కిటికీ దగ్గరికి వెళ్ళి, జనానికి వీపు తిప్పి నిలబడ్డాను. నా పెన్ను రాయలేదు. విదిలించాను, రాయలేదు. ఎవరో పక్క నుంచి ఒక పెన్ను అందించారు. ఎవరో చూసే తీరిక లేదు. మూత కూడా తీసే ఉంది. గబగబా పన్నెండు సంతకాలు పెట్టేశాను. చివరి మూడూ నా సంతకాల్లా కూడా లేవు. ఆమెకి ఆ కాలేజీలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. మర్నాటి నుంచి ఆ పెన్ను ఎగ్జామినరు ఇచ్చిందయింది.

ఇదంతా ఒప్పుకున్నాక ఒక్క సంగతి మాత్రం నా వైపు మిగిలిందని చాలా ఏళ్ళు అనుకున్నాను. దొంగతనమే అయినా ఆ దొంగతనం ఆమెని కాపాడింది గదా. ఎంత కుళ్ళుకున్నా, ఆ క్షణంలో లోపల ఎక్కడో ఉన్న మాస్టరు లేచి నాది అని అనిపించాడు. కళ్ళు తుడుచుకుంటూ ఈ మాట చాలామందికి చెప్పాను.

రిటైరై దర్శిలో స్థిరపడ్డ కొన్నేళ్ళకి ఆమె మా ఇంటికొచ్చింది. పెళ్ళయ్యాక చీమకుర్తి వైపు బడిలో టీచరైంది. రాళ్ళ పనికి ఎక్కడెక్కణ్ణించో వచ్చినవాళ్ళ పిల్లలకి లెక్కలు చెప్తోంది. ఇప్పుడు తనే గైడ్ టీచరు. తన దగ్గర ప్రాక్టీసు చేస్తున్న అమ్మాయిని వెంట తీసుకొచ్చింది. మా ఆవిడ మజ్జిగిచ్చింది. కొత్త శ్రోత దొరికితే నేను ఆగను. గోతాలూ, తుమ్ములూ, హాలూ అంతా చెప్పి, కుళ్ళుకున్న సంగతి కూడా ఒప్పుకుని, చివరకి లోపలి మాస్టరు లేచిన చోటికి వచ్చి గొంతు తగ్గించాను. ఆ ట్రైనీ పిల్ల కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

ఆమె మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"లోపల ఎవరూ లేవలేదు సార్. వెనక నుంచి ప్రశ్న అడిగింది నా స్నేహితురాలు. నేనే అడగమన్నాను. చప్పట్లు కొట్టాకే అడగవే, ముందు అడిగితే సార్ తనది కాదంటారు అని మరీ మరీ చెప్పాను."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను నాది అంటానని నీకెట్లా తెలుసమ్మా?" అన్నాను.

"ఎనిమిదో తరగతి పిల్లలు మొదటి వారమే చెప్పారు సార్. ఎవరినన్నా పొగిడితే చాలు, మా సారు నేనే నేర్పానంటారు టీచర్ అన్నారు. పరుగు పందెం సంగతి కూడా చెప్పారు."

ఇంక నేను మాట మార్చడానికి లేచి, సొరుగు తీసి, ఎగ్జామినరు పెన్ను తెచ్చి ఆ ట్రైనీ పిల్లకి చూపించబోయాను. ఆమె చెయ్యి చాపి నా చేతిలోంచి దాన్ని తీసుకుంది. మూత తీసి, పాళీ చూసి, తన సంచీలో వేసుకుంది.

"ఇది నాది సార్. మీది రాయదని తెలిసే ఆ రోజు తెచ్చుకున్నాను."